పేరుతో వెతకొద్దన్న మనిషి

చిక్కడపల్లిలో కూరగాయల బండ్లు ఆగే మలుపు దగ్గర పోయిన నెల ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. పాస్‌పోర్టు ఫోటోను మనిషంత పెద్దది చేయడం వల్ల ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. ఒక కాడకు నల్లదారం చుట్టిన కళ్లద్దాలను బట్టి గుర్తుపట్టాను. ఫోటో కింద పసుపు అక్షరాల్లో పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పేరు నేను చదవడం అదే మొదటిసారి.

ఆయన మూడేళ్లకు పైగా నా ఎదుటి బల్ల దగ్గర పనిచేశాడు. నేను ‘ఆపరేటర్’ అని పిలిచేవాణ్ణి. నెలనెలా జీతం కాగితం మీద సంతకం పెట్టినా, పై గీత మీద ఏం రాసి ఉందో ఎప్పుడూ చూడలేదు. బతికి ఉండగా ‘నువ్వు’ అన్నవాణ్ణి ఇప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను. అందులో నా గొప్ప ఏమీ లేదు. పేరు మాత్రం రాయను. ఫ్లెక్సీ చూసి తెలుసుకున్న పేరును ముందునుంచీ తెలిసినట్టు వాడటం నాకు చేతకాదు.

నారాయణగూడలో మా తాతగారు ఇచ్చిన ఇంట్లో ఒక హాస్టల్ నడుస్తోంది. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు కొలువుల పరీక్షలకు చదివే ఆడపిల్లలకు అరవై మంచాలు, రెండు పూటల భోజనం, అన్నీ ఉచితం. చిక్కడపల్లిలో మా బంగళా అపార్ట్‌మెంటు అయింది. ఊళ్లో భూములు చేతులు మారాయి. నేను అశోక్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చాను. ఇక మా వంశానికి మిగిలింది హాస్టల్ గోడమీది శిలాఫలకం, నియమావళిలో తాతగారు రాయించిన ఒక వాక్యం. కార్యదర్శి మా ఇంటివాడే అయి ఉండాలని ఆ వాక్యం. దాని బలంతో నేను కార్యదర్శిని. కమిటీ అధ్యక్షుడు మాత్రం మా తాతగారి దగ్గర పనిచేసిన గుమాస్తా మనవడు. ఇళ్ల స్థలాల వ్యాపారంలో పైకి వచ్చాడు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచేవాడు. అంత త్వరగా లేవడం నాకు గుచ్చుకునేది.

ఆపరేటర్ 2009లో వచ్చాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు చిక్కడపల్లిలోనే ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ప్రెస్సు మూతబడ్డాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. అప్పటికే యాభై దాటాయి. అక్షరాలను తలకిందులుగా చదివే అలవాటు పోలేదు. నేను నా బల్ల మీద ఏదైనా రాస్తుంటే తన కుర్చీలోంచే చదివేసి, “సార్, మూడో లైన్ల ఒత్తు మర్శిండ్రు” అనేవాడు. నాకు ఒళ్లు మండేది. చూస్తే ఒత్తు నిజంగానే ఉండేది కాదు.

ప్రెస్సు నుంచి తెచ్చుకున్న చెక్క స్కేలు ఒకటి ఆయన దగ్గర ఉండేది. పేర్ల పట్టిక తెరిచినప్పుడల్లా దాన్ని కంప్యూటర్ తెరకు అడ్డంగా ఆనించి, వరుస వరుసకూ కిందికి జరుపుతూ చదివేవాడు. గాజు మీద గీతలు పడతాయని నేను కసిరితే, “గీతలు పడితే గాజు మీద పడ్తయ్ సార్. వరుస తప్పితే మనిషి మీద పడ్తది” అనేవాడు. నవ్వేవాడు కాదు. ఆయన అన్నది హాస్యమో కాదో నాకు ఎప్పుడూ తేలలేదు.

ఆయన అసలు పని రెండు జాబితాలను కలపడం. ప్రతి వేసవిలో హాస్టల్ సీట్ల కోసం ఒక పరీక్ష పెట్టేవాళ్లం. పేపర్లు దిద్దే బాధ్యత అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌ది. వాళ్లు మార్కుల జాబితా పంపేవారు. మా దగ్గర దరఖాస్తుల జాబితా ఉండేది. అందులో ఊరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో, వాళ్లది ఏ ఊరో, ఏ ఫోన్‌కు కబురు చేయాలో ఒక్కచోటికి రావాలి. మూడు వందల దరఖాస్తులు. దానికి ఎక్సెల్ పట్టికలో ఆయన వాడే సూత్రం పేరు వీలుకప్. పలికేటప్పుడు ‘వీలుకప్పు’ అని చివర కొంచెం సాగదీసేవాడు, టీ కప్పులాగా.

అది ఏం చేస్తుందని మొదటి ఏడాది అడిగాను. కుర్చీ నా వైపు తిప్పాడు.

“మీరొక ముచ్చట చెప్తరు సార్. అది పట్టిక మొదటి నిలువు వరుస పట్టుకొని పైకెల్లి కిందికి నడుస్తది. మీరు చెప్పింది యాడ దొరికితే ఆడ ఆగుతది. ఆగి, పక్కకు ఎన్ని అరలు జరగమన్నరో అన్ని జరిగి, ఆ అరల ఉన్నది తెచ్చి మీ చేతుల పెడ్తది. గంతే.”

“దొరక్కపోతే?”

“దొరకలేదని చెప్తది. ఎన్ ఏ అని వస్తది. అది వస్తే భయపడొద్దు సార్, అది నిజాయితీ. మనం పరేషాన్ కావాల్సింది అన్నీ దొరికినయని చెప్పినప్పుడు.”

ఆ ఎన్ ఏ వచ్చినప్పుడు ఆయన ముఖం వెలిగేది. తెరకు ముక్కు ఆనించి ఆ పేరును పట్టుకునేవాడు. చాలాసార్లు పేరు చివర ఎవరో అనవసరంగా నొక్కిన ఖాళీ ఉండేది. మన కళ్లకు రెండు పేర్లూ ఒకటే, సూత్రానికి మాత్రం వేరు. ఆ ఖాళీని చెరిపి, “మా ప్రెస్సుల ఖాళీకి కూడా సీసం ముక్క ఉండేది సార్. చేతికి బరువు తెలిసేది. దీంట్ల ఖాళీకి బరువు లేదు, గందుకే మర్శిపోతరు” అన్నాడొకసారి. ఆ మాట నాకు నచ్చింది. నచ్చినట్టు కనబడనివ్వలేదు.

వాచ్‌మన్ మా ఊరివాడు. నన్ను ‘దొరా’ అంటాడు. ఆపరేటర్ మొదటి రోజు నుంచి ‘సార్’ అన్నాడు. ఒకరోజు మాటల్లో, మా ఊళ్లో మమ్మల్ని ఎవరూ సార్ అనరని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“నేను మీ ఊరోన్ని కాదు గద సార్” అన్నాడు. మళ్లీ అద్దాలు పెట్టుకుని పనిలో పడ్డాడు.

మా ఇద్దరికీ నిజంగా పడనిది ఒక్కటే విషయం. జాబితాలు పేరుతో కలపకూడదని ఆయన పట్టు. కోచింగ్ సెంటర్ ప్రతి అమ్మాయికీ ఒక హాల్ టికెట్ నంబరు ఇచ్చేది. ఆ నంబరును మా దరఖాస్తుల మీద కూడా వేసి, దానితోనే వెతకాలంటాడు.

“మా తాతగారు పెట్టిన హాస్టల్ ఇది. జైలు కాదు. ఇక్కడ ఆడపిల్లలకు నంబర్లు వెయ్యం. పేరుతో పిలుస్తం.”

“పిలుసుడు పేరుతోనే పిలువుండ్రి సార్, ఎవలొద్దన్నరు? ఎతుకుడు మాత్రం పేరుతో వద్దు. అది దొరికిన మొదటోన్నే పట్టుకుంటది. రెండోడు ఎదురుంగ వచ్చి నిలబడ్డా చూడది.”

“ఒక్కో పేరు ఎంతమందికి ఉంటుంది?”

“మీ ఇంటిపేరు మీ ఒక్కరికే ఉండొచ్చు సార్. మా అసోంటోళ్ల పేర్లు మస్తుంటయ్.”

ఇది ఎత్తిపొడుపని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆయన ఉన్న సంగతి చెప్పాడంతే.

మూడేళ్లు జాబితాలు సక్రమంగా వచ్చాయి. నా మాటే నెగ్గిందని నేను అనుకున్నాను. నాలుగో ఏడు, 2012 వేసవిలో, ఆయన లేనప్పుడు ఒక దరఖాస్తు తిరగేశాను. మూలన పెన్సిల్‌తో సన్నగా ఒక నంబరు ఉంది. ఇంకోదాని మీద ఇంకో నంబరు. అన్నిటి మీదా ఉన్నాయి. కంప్యూటర్‌లో పట్టిక తెరిచి వెతికితే, అందులో ఒక నిలువు వరుసను దాచి ఉంచాడు. అన్నేళ్లూ ఆ నంబర్లతోనే కలిపి, నాకు పేర్లు మాత్రమే కనబడేలా అచ్చు తీసి ఇచ్చేవాడు. నా పరువు నాకు ఇచ్చి, తన పని తను చేసుకున్నాడు. నాకు అది మోసంగా కనిపించింది.

మరునాడే తాతగారి వర్ధంతి సభ. ఆ ఏడు ఎంపికైన వాళ్ల పేర్లు వేదిక మీద నేనే స్వయంగా చదవాలనుకున్నాను. పొద్దున్నే ఆయన వెనక నిలబడ్డాను.

“ఆ దాచిన వరుస తీసెయ్యి. నా కళ్ల ముందర పేరుతో కలుపు.”

“ఒక్క పూట టైం ఇయ్యుండ్రి సార్. ఒకటే పేరు రెండు పార్లు ఏమన్న ఉన్నదేమో చూస్త.”

“మధ్యాహ్నం సభ. టైం లేదు.”

ఆయన మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “రాసిస్తరా సార్? పేరుతో కలపమన్నరని?”

“నా మాట చాలదా?”

నా వైపు తిరగలేదు. వరుస తీసేశాడు, సూత్రం కొట్టాడు. అన్ని అరలూ నిండాయి. ఒక్క ఎన్ ఏ కూడా రాలేదు. నేను విజయగర్వంతో సంతకం పెట్టాను. ఆయన స్కేలు తీసుకుని తెరకు ఆనించబోతే, “ఇంకేం చూస్తావు, అచ్చు తియ్యి” అన్నాను.

సభలో పేర్లు నిదానంగా చదివాను. ప్రతి పేరు తర్వాత చప్పట్లు. ‘జాటోతు సరిత’ అన్నప్పుడు వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడి, సిగ్గుపడి మళ్లీ కూర్చోవడం నాకు కనిపించింది. చేరడానికి అందరికీ ఆఫీసు నుంచి ఫోన్లు వెళ్లాయి.

అయిదో రోజు ఆ అమ్మాయి రేకు పెట్టె, బియ్యం సంచి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. లోపల ఆమె మంచం మీద ఇంకో జాటోతు సరిత ఉంది. ఇద్దరివీ వేర్వేరు తండాలు. దరఖాస్తుల్లో ముందున్న సరితకు వచ్చిన మార్కులు సీటుకు చాలవు. కానీ సూత్రం ఆమె దగ్గరే ఆగి, ఆమె ఊరు, ఆమె ఫోనే తెచ్చింది. ఫోన్ ఆమెకే వెళ్లింది. ఆమె సంతోషంగా వచ్చి చేరింది. మార్కులు తెచ్చుకున్న సరిత గోడమీది జాబితా చూసి వచ్చి మా బల్ల ముందు నిలబడింది.

“సార్, లిస్టుల నా పేరున్నది. నేను లేను” అంది. “పక్కన ఊరు మాది కాదు సార్.”

ఆపరేటర్ ఒక్క నిమిషంలో కనుక్కున్నాడు. స్కేలు కూడా వాడలేదు. నా వైపు చూడకుండా ఆ అమ్మాయితో, “జర కూసో బిడ్డ. నీళ్లు తాగు” అన్నాడు.

ఇక్కడ మా నియమావళి గురించి చెప్పాలి. కార్యదర్శి సంతకం చేసిన జాబితాను మార్చాలంటే, పొరపాటు తనదని కార్యదర్శి స్వయంగా రాసివ్వాలి. లేదంటే ఇరవై ఒక్క రోజుల నోటీసుతో సర్వసభ్య సమావేశం పెట్టాలి. సిబ్బంది చేసిన టైపింగ్ తప్పయితే మాత్రం అధ్యక్షుడు అక్కడికక్కడే దిద్దవచ్చు. ఇదంతా మా తాతగారు రాయించిందే. కార్యదర్శి మాటకు అంత బరువు ఉండాలని ఆయన ఉద్దేశం.

అధ్యక్షుడు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. నేను గదిలోకి రాగానే ఎప్పటిలాగే లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. ఆ అమ్మాయి గుమ్మం బయట పెట్టె మీద కూర్చుని ఉంది. మా మాటలు ఆమెకు వినబడతాయి.

“పేరుతో ఎవరు కలపమన్నరు?” అని అడిగాడు అధ్యక్షుడు. అడిగింది ఆపరేటర్‌ను. చూసింది నన్ను.

గుమాస్తా మనవడి ముందు ‘నేను’ అన్న ఒక్క మాట అనాలి. అనడానికి సమయం కూడా దొరికింది. ఆపరేటర్ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఒక అద్దం తుడిచాడు. నా ముఖం వైపు చూశాడు. రెండోది తుడిచాడు. అద్దాలు లేని ఆయన కళ్లను నేను సరిగా చూడటం అదే మొదలు. చాలా చిన్న కళ్లు. నేను కిటికీలోంచి ఫ్లైఓవర్ మీద పోతున్న బస్సులను చూశాను.

“నేనే కొట్టిన సార్” అన్నాడు. “టైపింగుల తప్పు పోయింది.”

అధ్యక్షుడు జాబితా మీద అక్కడే దిద్దుబాటు రాశాడు. సాయంత్రానికి మార్కులు తెచ్చుకున్న సరిత తన మంచం మీద పక్క పరుచుకుంది. మొదటి సరిత ఎవరినీ ఏమీ అడగకుండా సంచి సర్దుకుని వెళ్లిపోయింది. ఆమెను గేటు దాకా దిగబెట్టింది ఆపరేటరే. మరునాడు ఆయనను పనిలోంచి తీసేశారు. ‘నిర్లక్ష్యం కారణంగా’ అని రాసిన కాగితం మీద కార్యదర్శి సంతకం కావాలి. పెట్టాను. ఆ కాగితం వల్ల ఇంకో ఆఫీసులో ఆయనకు కొలువు దొరకదని నాకు తెలుసు. స్కేలు చంకలో పెట్టుకుని, తన టీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

ఆ తర్వాత నేను ఈ సంగతి చాలాచోట్ల చెప్పుకున్నాను. బంధువుల పెళ్లిళ్లలో, పరామర్శల్లో, నలుగురు పెద్దలు కూర్చున్నచోట. మా కుటుంబం మీద గౌరవంతో ఒక మామూలు పనివాడు తప్పు తన మీద వేసుకున్నాడని, ఆస్తులు పోయినా మా మీద అభిమానం పోలేదని చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ అందులో ఆయన వినయం కొంచెం పెరిగేది. నిజమని నమ్మే చెప్పాను.

2013లో, చలికాలం మొదట్లో, అశోక్‌నగర్‌లో జిరాక్స్ తీయించుకోవడానికి ఒక దుకాణంలోకి వెళ్లాను. గది లోపలి చివర, పరీక్షల పుస్తకాల కట్టల మధ్య, కంప్యూటర్ ముందు ఆయన. మునుపటికన్నా చిక్కిపోయాడు. దగ్గు ఉంది. నిరుద్యోగుల దరఖాస్తులు టైపు చేసిపెడుతున్నాడు. పక్కన స్టూలు మీద ఒక అమ్మాయి తన వంతు కోసం చూస్తోంది.

నన్ను చూసి, “బాగున్నరా సార్?” అన్నాడు. లేవలేదు.

నేను మాటలు ముందే సిద్ధం చేసుకుని ఉన్నవాడిలా మొదలుపెట్టాను. “ఆ రోజు నువ్వు మా ఇంటి పరువు నిలబెట్టినవు. నేను మరిచిపోలేదు. మళ్లీ రా. కమిటీకి నేను చెప్తాను.”

“ఏమని చెప్తరు సార్?”

ఆయన టైపు చేస్తున్న కాగితం బోర్లించాడు.

“మీ ఇంటి పరువు నాకు యాదికి కూడ లేదు సార్. ఆ పిల్ల పెట్టె మీద కూసున్నది. వాళ్ల తండకు పోయే బస్సు మల్ల ఆ రాత్రికి లేదు. మీది తప్పంటే మీరు రాసియ్యాలె. రాస్తరేమో అని ఆగిన. రెండు అద్దాలు తుడిచే దాక ఆగిన. మీరు కిటికీల కెల్లి బస్సులు చూస్తున్నరు. ఇగ మిగిలింది నాది తప్పనుడు. నాదంటే ఐదు నిమిషాల పని. లేకుంటే ఇరవై ఒక్క రోజులు. ఆ పిల్లను ఇరవై ఒక్క రోజులు యాడ పెడ్తరు?”

“నా గురించి కాదంటావా?”

“మీ గురించి అనుకునే టైం యాడుండె సార్.”

అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. ఆయన కాగితం మళ్లీ తిప్పుకున్నాడు. స్టూలు మీది అమ్మాయి వైపు తిరిగి, “ఆ, చెప్పు బిడ్డ, పుట్టిన తేదీ?” అన్నాడు. నేను జిరాక్స్ కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను. అయిదు ఇళ్ల అవతలే నా ఇల్లు. ఆ దుకాణం ముందునుంచి మళ్లీ నడవకూడదని ఏడాదిపాటు చుట్టు తిరిగి ఇంటికి వెళ్లాను.

ఆయన నోటితోనే విన్న తర్వాత కూడా, ఆయన బతికి ఉండగానే, నేను మరో రెండు పెళ్లిళ్లలో ఆ కథను పాత పద్ధతిలోనే చెప్పాను. రెండోది బషీర్‌బాగ్‌లో. విన్న పెద్దలు తలలూపారు. “అసోంటి మనుషులు ఇప్పుడు యాడున్నరు, దొరా” అన్నాడొకాయన. నేను కూడా తల ఊపాను.